పంటి వైద్యం ఖర్చు నుంచి గట్టెక్కడం: గోదావరి జిల్లాల వారికి

పిప్పిపన్నుకు రూట్ కెనాల్ చేయించి, పైన క్యాప్ వేయించుకుని, ఆ బిల్లు ఆరోగ్య బీమా కంపెనీకి పంపితే డబ్బు ఇవ్వకుండా తిప్పి పంపేస్తారు. అదే పన్ను బండి జారిపడి విరిగి, ఆసుపత్రిలో చేరి చేయించుకుంటే డబ్బు వచ్చే దారి ఉంది. పన్ను ఎందుకు పాడైంది, చికిత్స ఎక్కడ జరిగింది అన్న రెండు ప్రశ్నల మీదే బీమా అంతా నడుస్తుంది. పంటి డాక్టరు కుర్చీ ఎక్కకముందే ఈ రెండూ తేల్చుకోవాలి. చికిత్స అయిపోయాక కాగితాలు మార్చి రాయించడం కుదరదు, అలా రాయించడం తప్పు కూడా.

ముందుగా ఇంట్లో ఏ కార్డులు ఉన్నాయో బయటకు తీయండి. బియ్యం కార్డు, చిన్న జీతాల ఉద్యోగులకు ఉండే ఈఎస్‌ఐ కార్డు, ప్రభుత్వ ఉద్యోగి లేదా పెన్షనరు అయితే ఈహెచ్‌ఎస్ కార్డు, మాజీ సైనికుడైతే ఈసీహెచ్‌ఎస్ కార్డు, ప్రైవేటు పాలసీ ఉంటే పాలసీ పుస్తకం మొత్తం (పైనున్న ఒక్క పేజీ చాలదు). పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రులను కంపెనీ గ్రూపు పాలసీలో చేర్చారేమో అడగండి. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఆభా కార్డు దగ్గర మాత్రం జాగ్రత్త. 14 అంకెల ఆ నంబరు మీ ఆరోగ్య వివరాల ఖాతా మాత్రమే, బీమా కాదు, దాని మీద రూపాయి రాదు. ప్రభుత్వాసుపత్రిలో క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తొందరగా తీసుకోవడానికి పనికొస్తుంది.

మామూలు పంటి పని ఎక్కడ చేయించాలి

పన్ను పీకించడం, సిమెంట్ పెట్టించడం, క్లీనింగ్, చిగుళ్ళ వాపు లాంటి వాటికి బీమా వెంట పడటం వృథా. వీటికి ప్రభుత్వాసుపత్రే దారి. పీహెచ్‌సీలో సాధారణంగా పంటి కుర్చీ ఉండదు. నొప్పికి, వాపుకు మాత్రలిచ్చి చీటీ రాసి పంపుతారు. దంత విభాగం కోసం ఏరియా ఆసుపత్రికో ఆ పైకో వెళ్ళాలి. కోనసీమ వాళ్ళకు అమలాపురం, పశ్చిమాన తణుకు, భీమవరం, నరసాపురం, పెద్ద కేసులకు కాకినాడ జీజీహెచ్, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రులు ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళాలి. ఓపీ చీటీ తీసుకుని, దంత విభాగంలో చూపించుకుని, ఎక్స్‌రే తీయించుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆలస్యంగా వెళితే ఆ రోజు చూసి పంపేస్తారు, పని మరో రోజుకు పడుతుంది.

షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ చీటీలు, ఈమధ్య చేయించిన రక్తపరీక్ష రిపోర్టు వెంట పెట్టుకోవాలి. అవి లేకపోతే పన్ను పీకడానికి డాక్టరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం మీ మంచికే. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు మానేసి మాత్రం వెళ్ళకండి. మానాలా వద్దా అన్నది ఆ మాత్ర రాసిన డాక్టరు చెప్పాలి.

రూట్ కెనాల్, క్యాప్, పళ్ళ సెట్టు, వంకర పళ్ళకు తీగలు, వీటికి ప్రభుత్వాసుపత్రిలో అన్నిచోట్లా సామగ్రి ఉండదు. ఇక్కడే డెంటల్ కాలేజీలు అక్కరకొస్తాయి. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ, రాజమహేంద్రవరం పక్కన రాజానగరంలో జీఎస్‌ఎల్, లెనోరా కాలేజీలు, ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ కాలేజీ ఉన్నాయి. పూర్తి ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే విజయవాడ వెళ్ళాలి. కాలేజీలో విద్యార్థులు చేస్తారు, మీద ప్రొఫెసర్లు చూస్తారు. అంచెలంచెలుగా సరిచూస్తారు కాబట్టి పని నిదానంగా సాగుతుంది. బయట క్లినిక్‌లో ఒకటి రెండు సిట్టింగుల్లో అయ్యే రూట్ కెనాల్‌కు ఇక్కడ మూడు నాలుగు సార్లు తిరగాల్సి రావచ్చు. పూర్తి పళ్ళ సెట్టు అయితే ఐదు సార్లు అనుకోండి: మొదటి అచ్చు, రెండో అచ్చు, దవడల కొలత, మైనంలో పళ్ళు పెట్టి సరిచూడటం, చివరికి సెట్టు ఇవ్వడం. ఈ ఐదింటిలో ఏదీ దాటేసేది కాదు. ముఖ్యంగా మైనం సెట్టు పెట్టిన రోజు ఇంట్లోవాళ్ళను ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. పళ్ళ రంగు, పెదవి ఎత్తు అప్పుడైతేనే మార్చగలరు.

కాలేజీలో మొదటి రోజే మూడు విషయాలు విడివిడిగా అడగాలి. చికిత్స ఫీజు ఎంత, ల్యాబు ఖర్చు ఎంత, ఎక్స్‌రేలకు ఎంత. ఫీజు తక్కువని వెళ్ళినవాళ్ళు క్యాప్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడానికి కారణం ల్యాబు ఖర్చు వేరుగా ఉండటమే. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకు జీవం ఉండదు, పెళుసుగా ఉంటుంది. క్యాప్ లేకుండా వదిలేస్తే గట్టి పదార్థం కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. అప్పుడు పీకడం తప్ప దారి లేదు, రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బంతా గోదాట్లో పోసినట్టే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే రూట్ కెనాల్‌కు, క్యాప్‌కు కలిపి లెక్క వేసుకునే మొదలుపెట్టండి.

ఎన్టీఆర్ వైద్య సేవ: పంటికి కాదు, దవడకు

ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో సిమెంట్, క్లీనింగ్, క్యాప్ ఉండవు. కానీ దవడ ఎముక విరగడం, నోటి క్యాన్సర్, గ్రహణం మొర్రి లాంటి ఆపరేషన్లు ఉంటాయి. ఇవి పంటి సమస్యలాగే మొదలవుతాయి కాబట్టి చాలామంది ముందు పంటి క్లినిక్‌లో డబ్బు ఖర్చు పెట్టుకుని ఆ తర్వాత పథకం దగ్గరికి వస్తారు. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్న వాళ్ళకు బుగ్గ లోపల తెల్లమచ్చ గాని రెండు వారాలు దాటినా మానని పుండు గాని ఉంటే పన్ను గీసుకుందని సరిపెట్టుకోకండి. బోధనాసుపత్రిలో ముక్క పరీక్ష చేయించండి. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, రేడియేషన్, కీమో మూడింటికీ పథకంలో ప్యాకేజీలు ఉన్నాయి.

వెళ్ళే పద్ధతి ఇది. పథకంలో చేరిన (నెట్‌వర్కు) ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. బియ్యం కార్డు, ఆధార్ ఇచ్చి, "అండీ, డాక్టరు గారు రాసిన ఈ ఆపరేషనుకు మన పథకంలో ప్యాకేజీ ఉందా, ఈ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా?" అని అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవద్దు. పథకంలో ఉన్న ఆసుపత్రి అయినా దవడ, ముఖం ఆపరేషన్లకు అనుమతి లేకపోవచ్చు. ప్యాకేజీ ఉంటే పరీక్షలు చేసి, పథకం నడిపే ట్రస్టుకు ముందస్తు అనుమతి కోసం పంపుతారు. అనుమతి వచ్చాక ఆపరేషను, తర్వాత మందులతో డిశ్చార్జి. ప్యాకేజీలో ఉన్న వైద్యానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి, 104కు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. బయట క్లినిక్‌లో డబ్బు కట్టేసి తర్వాత బిల్లు తెస్తే ఈ పథకం తిరిగి ఇవ్వదు. జనం ఎక్కువగా నష్టపోయేది ఈ ఒక్క దగ్గరే.

పుట్టుకతోనే పెదవి, అంగిలి చీలిన పిల్లలకు, పిప్పిపళ్ళున్న బడిపిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. 2013లో మొదలైంది, పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ళ దాకా వర్తిస్తుంది. అంగన్‌వాడీకో బడికో వైద్య బృందం వచ్చినప్పుడు బిడ్డ పేరు రాయించి రిఫరల్ చీటీ తీసుకోవాలి.

యానాం వాళ్ళకు ఒక మాట. చుట్టూ ఆంధ్రా ఊళ్ళే అయినా మీ కార్డు పుదుచ్చేరిది. కాకినాడ వెళ్ళి వైద్య సేవ కౌంటరులో అడిగితే ప్రయోజనం ఉండదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే దానిలో చేరిన ఆసుపత్రి ఏదో చూసుకోవాలి. అందులోనూ దవడ ఆపరేషన్లే ఉంటాయి, రూట్ కెనాల్ ఉండదు.

జీతగాళ్ళకు

రొయ్యల ప్లాంటులో, రైసు మిల్లులో, షోరూములో నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి చేసేవాళ్ళకు ఈఎస్‌ఐ ఉండాలి. జీతంలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతమైతే మీ దగ్గర కోసేది 113 రూపాయలు. ఆ కోత పే స్లిప్పులో కనిపిస్తుంటే మీకూ, మీ మీద ఆధారపడ్డ కుటుంబానికీ వైద్యం హక్కు. పంటికి కూడా ముందు మీ పేరు రాసి ఉన్న డిస్పెన్సరీకే వెళ్ళాలి. అక్కడి నుంచి చీటీ మీద రాజమహేంద్రవరం ఈఎస్‌ఐ ఆసుపత్రికి పంపుతారు. చీటీ లేకుండా నేరుగా ప్రైవేటుకు వెళ్ళి బిల్లు పెడితే, అత్యవసరమని రుజువు చేయాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. పంటి నొప్పిని అత్యవసరంగా ఒప్పించడం కష్టం. జీతం మధ్యలో 21,000 దాటినా ఈఎస్‌ఐ వెంటనే పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి, ఆ కాలం ముగిసేదాకా చందా కోత, వైద్యం కొనసాగుతాయి. కుటుంబసభ్యుల ఆధార్ ఈఎస్‌ఐ ఖాతాకు జత కాకపోతే భార్యకో పిల్లలకో కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. ఆ పని ఆరోగ్యంగా ఉన్నప్పుడే హెచ్‌ఆర్ దగ్గర చేయించుకోండి.

ఈహెచ్‌ఎస్ ఉన్న ఉద్యోగులు, పెన్షనర్లు ఆసుపత్రి పేరు చూసి వెళ్ళకూడదు, దంతవైద్యానికి అనుమతి ఉన్న ఆసుపత్రేనా అని చూసుకుని వెళ్ళాలి. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ నుంచే మొదలు.

ప్రైవేటు పాలసీ: చిక్కంతా ఇక్కడే

పాలసీ పుస్తకంలో మూడు చోట్లు చదవాలి. ఒకటి, వర్తించనివాటి జాబితా. పంటి చికిత్స అక్కడ కనిపిస్తే ఆ వాక్యం చివరిదాకా చదవండి, "ప్రమాదం వల్ల అవసరమైతే తప్ప" అన్న తోక చాలా పాలసీల్లో ఉంటుంది. రెండు, ఓపీడీ లాభాలు. కొన్ని పెద్ద పాలసీల్లో మూడేళ్ళకోసారి పంటి ఓపీ ఖర్చు ఒక పరిమితి దాకా ఇస్తారు. ప్రీమియం కడుతూ ఏళ్ళ తరబడి దీన్ని వాడుకోనివాళ్ళు ఎందరో. మూడు, ఆసుపత్రి అనే మాటకు ఇచ్చిన నిర్వచనం.

ఈ మూడోదే అసలు మడత పేచీ. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం ప్రకారం, 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో ఆసుపత్రి అంటే కనీసం 10 మంచాలు, రాత్రీ పగలూ నర్సులు, డాక్టరు, ఆపరేషన్ థియేటరు ఉండాలి. మన డెల్టా పట్టణాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రెండు కుర్చీల పంటి క్లినిక్ దీనికి సరితూగదు. డే కేర్ (చికిత్స చేసి ఆ రోజే ఇంటికి పంపే) కేంద్రానికి మంచాల లెక్క లేదు గాని అర్హతగల సిబ్బంది, పూర్తి స్థాయి థియేటరు తప్పనిసరి. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని క్లినిక్‌లో సూది మందిచ్చి తీస్తే ఓపీ అంటారు. అదే దంతం చుట్టూ తిత్తి ఏర్పడి, మత్తుమందు కింద ఆసుపత్రి థియేటరులో తీయాల్సి వస్తే క్లెయిముకు ఆస్కారం ఉంది. ఎక్కడ చేయాలన్నది వైద్యపరంగా డాక్టరు నిర్ణయించాలి. డబ్బు కోసం అక్కర్లేని మత్తు ఎక్కించుకోవద్దు, అది ప్రాణంతో చెలగాటం.

2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలో జబ్బు వల్ల గాని, గాయం వల్ల గాని అవసరమైన దంతచికిత్స ఉంటుంది. అయితే అది ఆసుపత్రిలో చేరిన చికిత్సో డే కేరో అయి ఉండాలి. లెక్క ఎలా పడుతుందో చూడండి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించకూడదు. మీరు 8,000 గది తీసుకుంటే తేడా 3,000తో పోదు. డాక్టరు ఫీజు, థియేటరు చార్జీలు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. అవి 40,000 అయితే 25,000 లెక్కకొస్తాయి. మందులు, స్క్యాను, దవడలో వేసే టైటానియం ప్లేట్లకు ఈ కోత లేదు. చివరికి వచ్చిన మొత్తం మీద 5 శాతం మీ వాటా. చిన్న గదిలో రెండు రాత్రులు సర్దుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంకొక్కటి, డాక్టర్లు కూడా తరచుగా చెప్పరు. ఈ పాలసీలో, ఆసుపత్రిలో చేరకముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు అదే జబ్బుకో గాయానికో సంబంధించినదైతే కలుస్తుంది. దవడ విరిగి ఆపరేషనయిన మనిషికి అదే దెబ్బకు కదిలిన పళ్ళ రూట్ కెనాల్ ఈ 60 రోజుల్లో ఓపీగా జరిగినా అడగవచ్చు. కేసు షీటులో ఆ పళ్ళ నంబర్లు మొదటి రోజే రాసి ఉండాలి, అంతే. పళ్ళకు రెండంకెల నంబర్లు ఉంటాయి. పైవరుసలో కుడివైపు ముందు పన్ను 11, దాని పక్కన ఎడమవైపుది 21, కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను 46. డిశ్చార్జి చీటీలో "దంతాలు విరిగినవి" అని ఊరకే రాస్తే తర్వాత వచ్చే 21 నంబరు బిల్లును కంపెనీ ఒప్పుకోదు. "బండి మీద నుంచి పడటం వల్ల 11, 21 విరిగాయి, 46 కదిలింది" అని ఉంటే వాదించే చోటే ఉండదు. డిశ్చార్జి కాకముందే ఆ వాక్యం చదివి, లేకపోతే జరిగినది జరిగినట్టు రాయమని అడగండి. ఇంప్లాంటు మాత్రం ఎముక మానడానికే నెలలు పట్టే పని, ఈ 60 రోజుల్లో ఇమడదు.

గడువులు: అనుకుని చేరేదైతే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, అత్యవసరమైతే చేరిన 24 గంటల్లోపు. నగదు రహితం కాకపోతే డిశ్చార్జి అయిన 30 రోజుల్లో కాగితాలు చేరాలి. పెట్టాల్సినవి: డిశ్చార్జి చీటీ, విడివిడి లెక్కలున్న బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, మందుల చీటీలు వాటి బిల్లులతో, చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఓపీజీ (పళ్ళూ దవడలూ మొత్తం కనిపించే) ఎక్స్‌రేలు, ప్రమాదమైతే ఎమ్మెల్సీ (ఆసుపత్రిలో గాయాల గురించి రాసే మెడికో లీగల్ కాగితం) లేదా ఎఫ్‌ఐఆర్ నకలు, బ్యాంకు ఖాతా పేజీ. డాక్టరు రిజిస్ట్రేషను నంబరు బిల్లు మీద లేకపోవడం, "దంతచికిత్స 35,000" అని ఒకే గీతలో రాయడం, ముందు ఎక్స్‌రే లేకపోవడం, ఈ మూడింటితోనే సగం గొడవలు మొదలవుతాయి. అన్నీ ఫోనులో ఫొటో తీసుకున్నాకే ఒరిజినల్స్ పంపండి.

రోడ్డు ప్రమాదమైతే

216 జాతీయ రహదారి మీదో కాలవగట్టు మీదో పడి ముఖం పగిలితే ముందు పెద్దాసుపత్రికి వెళ్ళి ఎమ్మెల్సీ రాయించండి. ఇంటి దగ్గర క్లినిక్‌లో కుట్లు వేయించుకుని నాలుగు రోజుల తర్వాత వెళితే ప్రమాదానికీ పంటికీ ముడి తెగిపోతుంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం ఉంది. మీ సొంత బీమా ఉన్నా లేకున్నా అడగండి. ఎదుటి వాహనం తప్పయితే పంటి బిల్లులు, భవిష్యత్తులో కట్టించుకోవాల్సిన పళ్ళకు డాక్టరు రాసిన అంచనా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావాకు పనికొస్తాయి. కేసు షీటులో మద్యం వాసన అని రాస్తే సొంత పాలసీ క్లెయిము పోయే ప్రమాదం ఉంది. తాగనివాళ్ళకు అలా రాస్తే అక్కడికక్కడే రక్తపరీక్ష చేయమని అడగాలి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా మరణానికీ అంగవైకల్యానికే, పళ్ళకు రాదు.

పెద్దవాళ్ళ పళ్ళ సెట్టు

60 దాటిన పేదవాళ్ళకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వినికిడి యంత్రాలతో పాటు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇస్తుంది. ఈ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. శిబిరాలు పెట్టి కొలతలు తీస్తారు. వయసు, ఆదాయం చూపే కాగితాలతో శిబిరం ఎప్పుడో సచివాలయంలో వాకబు చేస్తుండాలి.

ఆదాయపు పన్ను కట్టే పిల్లలకు ఒక వెసులుబాటు. 60 దాటిన తల్లిదండ్రులకు ఏ ఆరోగ్య బీమా లేకపోతే, వాళ్ళ వైద్యానికి పెట్టిన ఖర్చు 50,000 దాకా 80డి మినహాయింపుగా చూపవచ్చు. పళ్ళ సెట్టు, రూట్ కెనాల్ కూడా వైద్యమే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఇది. నగదుగా ఇస్తే చెల్లదు, ఫోన్‌పేలోనో చెక్కుగానో కట్టి బిల్లు పెట్టుకోవాలి.

ఇవేవీ కుదరక వాయిదాలకు వెళితే, క్లినిక్ వాళ్ళు చెప్పే వడ్డీ లేని ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం నగదు కడితే తగ్గించే ధర ఎంతో అడగండి. నగదు ధరకూ ఈఎంఐ ధరకూ ఉన్న తేడాయే మీరు కట్టే వడ్డీ. డ్వాక్రా సంఘంలో అప్పు దొరికితే రెండూ పోల్చుకోండి.

క్లెయిము కొట్టేస్తే

కారణం కాగితం మీద అడగండి, ఏ నిబంధన కిందో నంబరుతో సహా. కంపెనీ ఫిర్యాదుల అధికారికి డాక్టరు వివరణ లేఖ జతచేసి రాయండి. జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో నమోదు చేయవచ్చు, 155255కు ఫోను చేయవచ్చు. నెల గడిచినా కంపెనీ తేల్చకపోతే, లేదా కాదని రాస్తే, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌కు, యానాంకు కూడా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. తెలుగులో రాసినా తీసుకుంటారు. ఒక పేజీలో తేదీల వారీగా రాసి, పళ్ళ నంబర్లు ఉన్న డిశ్చార్జి చీటీ, తిరస్కరణ లేఖ, పాలసీలో సంబంధించిన పేజీ జతచేస్తే చాలు.